కూత కింద ఉండిపోయిన లైను

మా లెక్కల సారు పోయారన్న కబురు నాకు మూడో పీరియడ్‌లో తెలిసింది. స్టాఫ్ రూములో కూచుని తొమ్మిదో తరగతి స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. ఆయమ్మ చేతిలో చీపురుతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "మేడం, మన లెక్కల సారు పోయిండట. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట" అంది. "అయ్యో" అన్నాను. ఇంకా ఏడు పేపర్లు మిగిలి ఉన్నాయి. అవి కూడా దిద్ది, మార్కులు వేసి, ఎర్ర పెన్నుకు మూత పెట్టాను. నేను ఏడవలేదు. ఆయన చూసి ఉంటే ఏమీ అనుకునేవారు కాదు. పని సగంలో వదిలి లేచేవాళ్లంటే ఆయనకు అసలే గిట్టదు.

ఆయన మీకు తెలియదు. తెలియాల్సినంత పేరున్న మనిషి కూడా కాదు. బోధన్ దాటాక వచ్చే ఒక ఊళ్లో సర్కారు బడి, ఆ బడిలో లెక్కల టీచరు, అంతే. ఆయన గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. రెండేళ్ల కింద ఆయన విషయంలో నేనొక తప్పు చేశాను. ఆయన దాన్ని తప్పనలేదు, నేనూ క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. కనీసం జరిగింది జరిగినట్టు చెబుదామని ఇది రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే స్టాఫ్ రూములో పదకొండేళ్లు ఉన్నాం. ఆయన లెక్కలు, నేను జీవశాస్త్రం. ఆయన బోధన్‌లో పుట్టి బోధన్‌లోనే ఉండిపోయారు. నేను నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చేదాన్ని, ఇప్పటికీ అలాగే వస్తున్నాను. పసుపు సీజన్ మొదలైతే బస్సంతా అదే వాసన, మార్కెట్ యార్డుకు పోయివచ్చే రైతులతో. నేను గుమ్మంలో అడుగు పెట్టడమే ఆలస్యం, "ఏంది మేడం, యార్డునంత ఎంబడి తోలుకొచ్చిండ్రా" అనేవారు. పదకొండు సీజన్లు అదే మాట. మొదట్లో నవ్వేదాన్ని, తర్వాత విసుక్కున్నాను, చివరికి ఆ మాట అనకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అడిగేదాన్ని.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. బోర్డును తడిగుడ్డతో స్వయంగా తుడిచేవారు, పిల్లల్ని తుడవనిచ్చేవారు కాదు. తుడిచాక అది ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. నలభై మంది పిల్లలు కూడా కిక్కురుమనకుండా నల్లబోర్డు ఆరడం చూస్తూ కూచునేవాళ్లు. చాయ్ సాసర్లో పోసుకుని తాగేవారు. చాక్‌పీసుకు పాత పేపరు ముక్క చుట్టి పట్టుకునేవారు, వేళ్లకు సున్నం అంటకుండా. లెక్కలో కష్టమైన మెట్టు దగ్గరికి రాగానే ఆ చాక్‌పీసుతో సహా చూపుడు వేలు పైకెత్తేవారు. ఆ వేలు దిగేదాకా క్లాసులో ఎవరూ మాట్లాడకూడదు. అది ఆయన క్లాసులో రాయని చట్టం. హెడ్‌మాస్టరు గారు వరండాలో పోతూ ఆ వేలు చూసి తనూ మాట ఆపేయడం నేను కళ్లారా చూశాను.

ఇంకో అలవాటు ఉంది. జూన్‌లో కొత్త పుస్తకాలు ఇవ్వగానే పదో తరగతి పిల్లలందరి చేత లెక్కల పుస్తకం చివర జవాబులుండే పేజీలకు స్టేప్లర్ పిన్నులు కొట్టించేవారు. పిన్ను విప్పినట్టు కనిపిస్తే ఆ పిల్లవాడితో వారం రోజులు మాట్లాడేవారు కాదు. "జవాబు తెల్సుడు వేరు, లెక్క చేసుడు వేరు" అని ఆయన మాట. దాన్ని నేను కొన్ని వందల సార్లు విన్నాను. ఒక్కసారి బుర్రకెక్కించుకుని ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు.

ఆయనకు పాత పాటల పిచ్చి. హోంవర్కు నోటుబుక్కులు దిద్దుతూ ఏదో ఒక కూనిరాగం తీస్తుండేవారు. రాగం ఆగిందంటే ఎవరో లెక్క తప్పు చేశారని మాకు తెలిసిపోయేది. కొత్త పాటలంటే మాత్రం కొంపలంటుకున్నట్టు చేసేవారు. పెళ్లి బరాత్ ఏదైనా డీజే బాక్సులతో బడి ముందు నుంచి పోతే కిటికీ అద్దాలు అదిరేవి. "అది పాట గాదు మేడం, బోరేసుడు" అని చెవుల్లో వేళ్లు పెట్టుకునేవారు.

ఒకసారి నేను ఉండబట్టలేక అన్నాను. "సార్, మీ పాటలిని మీ బాపు గూడ గిట్లనే అన్నడు కావచ్చు."

"అన్నడు" అన్నారాయన, సాసరు దించకుండానే. "గని బాపు అన్నది తప్పు. నేనన్నది నిజం."

నాకు పాటల మీద పెద్ద మోజు లేదు. మా ఇంట్లో రేడియో ఉండేది గానీ వార్తలకూ, గడియారం సరిచేసుకోవడానికీ వాడేవాళ్లం. మనుషులు పాత పాటలు విని కళ్లు తుడుచుకోవడం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ పూర్తిగా కాదు. వయసుతో వచ్చే బీపీ లాంటిదే అదీ అనుకునేదాన్ని.

ఆయన రిటైరయ్యే ఏడాది, వర్షాలు వెనకబట్టిన రోజుల్లో, భోజనాల వేళ పదో తరగతి ఆడపిల్లలు కొళాయి దగ్గర టిఫిన్ డబ్బాలు కడుగుతూ ఒక పాట అందుకున్నారు. శ్రావణి అనే అమ్మాయి ముందు పాడుతోంది, మిగతావాళ్లు డబ్బాల మూతలు వాయిస్తున్నారు. మంచి గొంతు ఆ పిల్లది. నదిలో పడవ మీద వెళ్లే మనిషి పాట. మా తల్లుల కాలం నాటిది. సారు వరండాలో ఆగిపోయారు. చేతిలో సాసరు, సాసర్లో చాయ్. నేను ఆయన వెనకే ఉన్నాను.

"ఈ పాట మీకెట్ల తెల్సు?" అని అడిగారు.

పిల్లలు భయపడ్డారు. తిట్టబోతున్నారనుకున్నారు. "రీల్‌ల అచ్చింది సార్" అంది శ్రావణి.

"మొత్తం పాడు."

"గింతనే తెల్సు సార్. రీల్‌ల గీ ముక్కనే ఉంటది. మస్తుంటది సార్ పాట."

ఆయన స్టాఫ్ రూములోకి వచ్చి కూచున్నారు. చాయ్ చల్లారిపోయింది. ఇంతకాలం ఈ పిల్లలకు చెవులు లేవని మొత్తుకున్న మనిషి కదా, ఇప్పుడైనా సంబరపడతాడనుకున్నాను. "సంతోషపడాలె గద సార్, మీ పాట పాడుతున్నరు" అన్నాను.

"నా అంగీ ఎవరో తొడుక్కొని బజార్ల ఎదురైనట్టున్నది మేడం."

"బాగలేదా మరి?"

"బాగున్నది. వాళ్ల మీద నాకంటె మంచిగున్నది. గదే నా బాధ."

ఆ వారమంతా ఆయన కొంచెం ముభావంగా తిరిగారు. పిల్లలు ఆ పాట ఇష్టపడ్డారని సంతోషమూ ఉంది, నడుమ ముక్క మాత్రమే తెలుసని కోపమూ ఉంది. "మధ్యలకెళ్లి మొదలువెడితే లెక్కన్న రాదు, పాటన్న రాదు" అని తనలో తను అనుకోవడం విన్నాను. శనివారం ఆయన స్కూటర్ మీద, కాళ్ల దగ్గర సంచిలో, ఒక టేపురికార్డరు పెట్టుకుని వచ్చారు.

ఆ రోజు చివరి పీరియడ్ నాది. గుండె బొమ్మ ఉన్న చార్టు చుట్టుకుని పదో తరగతి గదికి వెళ్లేసరికి ఆయన ఇంకా లోపలే ఉన్నారు. బల్ల మీద టేపురికార్డరు. పిల్లలు బెంచీల మీద కాకుండా దాని చుట్టూ కింద కూచున్నారు. నా పీరియడ్ నాకు ఇవ్వమని అడగబోయాను. ఆయన నా వైపు చూడకుండానే వేలెత్తారు. నేను చార్టుతో అక్కడే గుమ్మంలో నిలబడిపోయాను.

దాంట్లో ఉన్న పడవ పాట క్యాసెట్టు ఎలా తయారైందో అప్పుడే చెబుతున్నారు. ఆయన మాటల్లోనే చెబుతాను.

"మా ఇంట్ల రేడియో ఉండె. టేపురికార్డరు లేకుండె. మా దోస్తుది ఒక్క దినానికి అడుక్కొచ్చిన. రేడియో ముందట గిది పెట్టి, రెండు బటన్లు కలిపి ఒత్తాలె. ఇంట్ల ఎవ్వరు దగ్గొద్దు, గిన్నె సప్పుడు చెయ్యొద్దు. మా అవ్వను వాకిట్ల కూసోవెట్టిన, ఎవరన్న అస్తె చెయ్యి ఊపుమని. మా చెల్లెను మేక దగ్గర నిలవెట్టిన, అది అర్వకుంట సూడుమని. అందరిని బందోబస్తు చేసిన. ఫ్యాక్టరీని మర్సిపోయిన."

పిల్లలు నవ్వారు గానీ, ఫ్యాక్టరీని మరిచిపోవడమేమిటో వాళ్లకు తెలియలేదు. ఆయన బటన్ నొక్కారు. గరగరమంటూ పాట మొదలైంది. మొదటి రెండు మాటలు లేవు. బటన్లు నొక్కడం ఆలస్యమైందట. పడవ కదిలింది, నది వచ్చింది, ఆ మనిషి ఎవరినో తలచుకున్నాడు. రెండో చరణం నడుమ, దూరం నుంచి లేచి గదినంతా నింపుతూ, కూత. చక్కెర ఫ్యాక్టరీ కూత. అది ఎంతసేపు మోగిందో అంతసేపూ పాట లేదు, కూతే ఉంది. తగ్గేసరికి పాట తర్వాతి లైనులోకి పోయింది.

కూత మోగినంతసేపూ ఆయన వేలు పైనే ఉంది.

"అదేం సప్పుడు సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఈ పిల్లలు బోధన్ వెళ్లినప్పుడల్లా బస్సులో ఆ ఫ్యాక్టరీ ముందు నుంచే పోతారు. ఆ పొడుగాటి పొగగొట్టం తెలుసు, తుప్పు పట్టిన గేటు తెలుసు. అది మోగేదని మాత్రం ఎవరికీ తెలియదు. వీళ్లు బాగా చిన్నగా ఉన్నప్పుడే మూతపడింది.

ఆయన చెప్పారు. చెరకు సీజన్ వస్తే ఊరంతా మడ్డి వాసన ఉండేదని, రోజుకు మూడు షిఫ్టులకు మూడు కూతలని, మధ్యాహ్నం రెండు గంటల కూతకు వాళ్ల బాపు డ్యూటీ దిగేవాడని. కూత వినగానే అవ్వ, అంటే వాళ్లమ్మ, ఎసరు మీది మూత తీసేదట. కూత ఆగాక కొంతసేపటికి వాకిట్లో బాపు చెప్పులు విడిచిన చప్పుడు. బాపు చేతులు కడుక్కున్నా జిగటగానే ఉండేవట, ఆ చేతులతోనే తల నిమిరేవాడట. ఇదంతా ఆయన త్రిభుజం గురించి చెప్పినట్టే చెప్పారు, గొంతులో ఏ మార్పూ లేకుండా.

"మరి కూత కింద ఏ లైనున్నది సార్?" అంది శ్రావణి.

"నాకు తెల్వది."

"ఫోన్ల ఉంటది సార్. సూడాల్నా?"

"మీరు సూసుకోండ్రి. నాకు చెప్పకుండ్రి" అన్నారు. క్యాసెట్టు వెనక్కి తిప్పుతూ మళ్లీ ఆయనే అన్నారు. "రేడియోల మస్తుసార్లు అచ్చింది. ఆ జాగకు రాంగనే బంద్ చేసేటోన్ని. ఏడనన్న హోటల్ల వినవడితె లేసి అవుతలికి పోయేటోన్ని. బాపు పోయిండు, ఫ్యాక్టరీ పోయింది. గా కూత గీ క్యాసెట్లనే మిగిలింది. దాని కింద ఏమున్నదో నాకు వద్దు."

పిల్లలు తలలూపారు. నా పీరియడ్ అయిపోయింది. గుండె బొమ్మ చార్టు విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాను.

ఆ తర్వాత ప్రతి శనివారం టేపురికార్డరు వచ్చేది. వేరే పాటలు కూడా విన్నారు గానీ, చివరికి పడవ పాటే పెట్టించుకునేవాళ్లు. కూత రాగానే పిల్లలే వేళ్లెత్తడం మొదలైంది, నలభై వేళ్లు. సారు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగేవారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ముందు చూడలేదు. డీజే బాక్సుల మీద కోపం కూడా కొంత తగ్గింది. "వాళ్లకు గూడ ఏదో కూత యాదికుంటది తియ్యి మేడం" అన్నారు ఒకరోజు.

ఇక నా తప్పు.

ఆయన రిటైర్‌మెంట్ సభకు పిల్లలు ఆ పాట పాడతామన్నారు. ప్రాక్టీసు చూసే పని నాకు అప్పగించారు. నాకు పాటలు రాకపోయినా క్రమశిక్షణ వచ్చని హెడ్‌మాస్టరు గారి నమ్మకం. పిల్లలు పాడారు. రెండో చరణంలో సరిగ్గా ఆ చోట ఆగిపోయారు. శ్రావణి వేలెత్తింది. అందరూ నోళ్లు మూసుకుని, ఆ కూత ఎంతసేపుండేదో అంతసేపూ నిలబడి, తర్వాతి లైను అందుకున్నారు. నేను బల్ల మీద కొట్టి ఆపాను.

"నడుమ గట్ల ఆగితె పాట మర్సిపోయిండ్రనుకుంటరు. ఎంఈవో గారస్తున్నరు" అన్నాను.

"మర్సిపోలే మేడం. ఆడ కూత ఉంటది."

"కూత ఎవరికి వినవడతది? ఆ లైను మీకు తెల్వదా?"

"తెల్సు మేడం. గా దినమే ఫోన్ల చూసినం. సార్‌కు తెల్వదు. తెల్వద్దన్నడు గద."

"అదే సర్‌ప్రైజు" అన్నాను.

అలా అన్నప్పుడు నేను నిజంగానే మంచి పని చేస్తున్నాననుకున్నాను. ఒక మనిషి జీవితమంతా పాటలో ఒక లైను లేకుండా బతికాడు, పోతూపోతూ అది అతనికి ఇద్దామనుకున్నాను. శ్రావణి తన నోటుబుక్కులో పాటంతా రాసుకుని, ఆ చోట ఒక గీత గీసి వదిలేసింది. నేను ఫోన్‌లో చూసి, పరీక్ష పేపర్లో పిల్లలు వదిలేసిన మాటకు మేము పెట్టే గుర్తు పెట్టి, ఎర్ర పెన్నుతో ఆ లైను రాసి ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా ఖాళీ కనపడితే నింపడమే నా పని. శ్రావణి నోటుబుక్కు తీసుకుని నా మొహం వైపు ఒకసారి చూసింది. సర్కారు బడి పిల్లలు టీచర్లకు ఎదురు చెప్పరు.

సభ జరిగింది. శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఎంఈవో గారు ఆయన పేరును రెండుసార్లు తప్పుగా పలికారు. పిల్లలు పాట మొదలుపెట్టారు. సారు వేదిక మీద కుర్చీలో, మెడలో దండలతో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు. రెండో చరణం వచ్చింది. ఆ చోటు రాబోతోందనగా ఆయన వేలు దానంతటదే పైకి లేచింది.

పిల్లలు ఆగలేదు. నేను రాసిచ్చిన లైను పాడేశారు.

ఆయన వేలు కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత దించి, జారిపోని శాలువాను సర్దుకున్నారు. సభలో ఎవరూ ఏమీ గమనించలేదు. చప్పట్లు బాగా కొట్టారు. ఆ లైనులో ఏముందంటారా, ఏమీ లేదు. గాలి చల్లగా ఉందని, నీళ్లు తెల్లగా ఉన్నాయని. చరణం నింపడానికి ఎవరో వేసిన లైను. వేదిక దిగి వస్తూ నా పక్కన ఆగారు. మొహంలో కోపం లేదు. పరీక్ష రిజల్టు చూసుకున్న పిల్లవాడిలా ఉన్నారు.

"గింతేనా మేడం?" అన్నారు.

"పిల్లలు బాగ పాడిండ్రు గద సార్" అన్నాను.

"మంచిగ పాడిండ్రు" అని వెళ్లిపోయారు.

ఆ రోజు బస్సులో నిజామాబాద్ దాకా నాకు ఆ మాటే వినిపించింది. మొదట చిన్న విషయమే కదా అనుకున్నాను. ఎడపల్లి దాటేసరికి కాదనిపించింది. స్టేప్లర్ పిన్నులు గుర్తొచ్చాయి. పదకొండేళ్లు పక్క కుర్చీలో కూచుని నేను తెలుసుకోలేనిది ఆ పిల్లలకు నాలుగు శనివారాల్లో తెలిసింది. నాకు చాలా సిగ్గేసింది.

వెళ్లి మాట్లాడాలనుకుంటూనే ఏడాది గడిపాను. చివరికి ఒక ఆదివారం బోధన్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లావిడ చాయ్ ఇచ్చింది. సారు సాసర్లో పోసుకున్నారు. షెల్ఫులో టేపురికార్డరు మీద పూల గుడ్డ కప్పి ఉంది.

"పాటలు వింటలేరా సార్?"

"బెల్ట్ తెగింది మేడం. ఇప్పుడెవరు చేస్తరు దాన్ని."

పాటలు ఆగింది బెల్టు వల్లో నా వల్లో నాకు తెలియలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ లైను సంగతే నేరుగా ఎత్తాను. అలా పాడించి ఉండాల్సింది కాదన్నాను. ఆయన సాసరు కింద పెట్టారు.

"ఆ జాగ నాదుండె మేడం. రోజొకటి పెట్టుకునేటోన్ని ఆడ. ఒకనాడు బాపు దగ్గు పెట్టుకునేటోన్ని, ఒకనాడు అవ్వ మూత తీసిన సప్పుడు, ఒకనాడు ఉత్తగనే నాలుగు మాటలు. పాట రాసినాయన ఒక్కటే రాసిండు, నేను ఎన్నో రాసుకున్న." తర్వాత నవ్వారు. "మీ తప్పేం లేదు. మీరు ఖాళీలు నింపే సబ్జెక్టోళ్లు."

ఆ మాటకు నేనూ నవ్వాను. నవ్వాను గనకే క్షమించమని అడగడం కుదరలేదు. మళ్లీ వస్తాను కదా అనుకున్నాను. గుమ్మం దాకా వచ్చి, "పసుపు సీజన్ల రండ్రి, వాసన సూసి చాన రోజులాయె" అన్నారు. సీజన్ వచ్చింది, పోయింది. నేను వెళ్లలేదు.

అస్థికలు కందకుర్తిలో, మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట, కలిపారు. మా బడి నుంచి ముగ్గురం వెళ్లాం. గోదావరిలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, మంజీర అంతకంటే తక్కువ. ఆయన కొడుకు మోకాళ్ల లోతుకు దిగి కుండ వంచాడు. అక్కడ కూడా నేను ఏడవలేదు. అవతల మహారాష్ట్ర ఒడ్డున ఎవరో మరాఠీలో బర్రెల్ని అదిలిస్తున్నారు.

బడిలో సంతాప సభ ఆ తర్వాతి శనివారం పెట్టాం, చివరి పీరియడ్‌లో. ఆయన పాత విద్యార్థులకు కబురు పంపితే కొందరు వచ్చారు. శ్రావణి ఇప్పుడు బోధన్‌లో ఇంటర్ రెండో ఏడు. ఇంకో నలుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో అదే నోటుబుక్కు ఉంది. నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, పాట పాడుతం. ఎట్ల పాడాలె?"

పేజీ తెరిచి చూపించింది. నా ఎర్ర సిరా అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి మీద ఎవరూ కొట్టివేత గీయలేదు. ఆ పిల్ల రెండేళ్లుగా ఈ ప్రశ్న దాచుకుని ఉందని నాకు అర్థమైంది.

"సారు విన్నట్టు పాడుండ్రి బిడ్డా" అన్నాను.

వాళ్లు ఆయన ఫోటో ముందు నిలబడ్డారు. మైకు లేదు, వాయిద్యాలు లేవు. పడవ కదిలింది, నది వచ్చింది. కొత్త పదో తరగతి పిల్లలకు ఆ కూత సంగతి తెలియదు, పాట తెలుసు, రీల్‌లో విని ఫోన్‌లో మొత్తం నేర్చుకున్నదే. వాళ్లూ సన్నగా గొంతు కలిపారు. రెండో చరణం నడుమ ఆ చోట శ్రావణి పాట ఆపి వేలెత్తింది. ముందు వరుసలో ఒకరిద్దరు అలవాటుగా లైను అందుకోబోయి, ఆ వేలు చూసి ఆగిపోయారు. హాలంతా ఆగిపోయింది. హెడ్‌మాస్టరు గారు కూడా.

ఆ లైను నాకు తెలుసు. నా నాలుక చివరే ఉంది, గాలి చల్లగా, నీళ్లు తెల్లగా. పెదవులు గట్టిగా మూసుకున్నాను. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. బయట కొళాయి దగ్గర ఆయమ్మ బోర్లించిన గిన్నె దొర్లిన చప్పుడైంది. దూరంగా ఎవరిదో ట్రాక్టరు పోతోంది. శ్రావణి వేలు ఇంకా పైనే ఉంది. దాని కొనకు కొంచెం చాక్‌పీసు సున్నం అంటి ఉంది, సభ మొదలయ్యేముందు ఆ పిల్లే బోర్డు మీద ఆయన పేరు రాసింది.